ఇంగ్లీషు 'నాట్' ఎవరి మీద వాలింది? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

మందు డబ్బాల మీది హెచ్చరికలు, ఆసుపత్రి నోటీసులు, బ్యాంకు ఉత్తరాలు ఇంగ్లీషులోంచి తెలుగులోకి తేవడం నా పని. కొరుకుడు పడని పెద్ద మాటలొస్తే భయం లేదు, నిఘంటువు ఉంది. నన్ను ఇరుకున పెట్టేవి చిన్నవి: నాట్, దాని పక్కన ఆల్వేస్, స్టిల్, రియల్లీ, ఓన్లీ లాంటి ఒక మాట, ఆ వెనకే ఇన్, ఆన్, ఎట్, ఫ్రమ్. ఈ ముగ్గురూ వరసగా నిలబడ్డ చోట మన బళ్లో నేర్చుకున్న గ్రామరు సగం దారిలో చెయ్యి వదిలేస్తుంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ల దగ్గర నేను మళ్లీ మళ్లీ వింటున్న అపోహలు ఇవి. ఒకప్పుడు నావి కూడా ఇవే.

అపోహ: 'నాట్' ఎక్కడున్నా క్రియనే కాదంటుంది.

"డూ నాట్", "ఈజ్ నాట్" అని వల్లె వేయించడం వల్ల ఈ నమ్మకం పాతుకుపోయింది. "ది మీటింగ్ ఈజ్ ఇన్ ది హాల్, నాట్ ఇన్ ది క్యాంటీన్" అన్న వాక్యం రెండో సగంలో క్రియే లేదు. అక్కడ నాట్ వాలింది 'ఇన్ ది క్యాంటీన్' అన్న ముక్క మీద. "నాట్ ఫార్ ఫ్రమ్ ది స్టేషన్, దేర్ ఈజ్ ఎ టీ స్టాల్" అన్నప్పుడు టీ కొట్టు ఉన్నట్టే, కాదన్నది దూరాన్ని మాత్రమే. అనుమానముంటే చివర తోక ప్రశ్న తగిలించి చూడండి. ఇంగ్లీషువాళ్లు ఇక్కడ "ఈజంట్ దేర్?" అంటారు. తోక వ్యతిరేకంగా వచ్చిందంటే వాక్యం ఒప్పుకోలు వాక్యమే. అమెరికా భాషావేత్త ఎడ్వర్డ్ క్లైమా 1964లో ఇంగ్లీషు వ్యతిరేకార్థకాల మీద రాసిన పెద్ద వ్యాసంలో వాడిన పరీక్షల్లో ఇదొకటి. అరవై ఏళ్లు దాటినా నా బల్ల దగ్గర రోజూ పనికొస్తోంది.

అసలు 'నాట్' పుట్టుకలోనే క్రియతో సంబంధం తక్కువ. పాత ఇంగ్లీషులో క్రియను కాదనే పని 'నె' అన్న చిన్న మాటది. 'ఏమీ' అన్నట్టు దానికి ఊతంగా తగిలించిన మాటే అరిగి అరిగి నాట్ అయింది. తర్వాత నె రాలిపోయి, ఊతం అసలు పోస్టులో కూర్చుంది. డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పర్సన్ 1917లో ఈ వరసను వివరంగా రాశాడు.

ఇక్కడ తెలుగువాడికి ఇంగ్లీషువాడికి లేని ఒక సౌకర్యం ఉంది. "నాట్ ఎట్ హోమ్" అన్న మూడు మాటలకు మనకు రెండు తర్జుమాలు. "నాన్నగారున్నారా?" అంటే "ఇంట్లో లేరు". "పెళ్లి ఇంట్లోనే చేస్తున్నారా?" అంటే "ఇంట్లో కాదు". మొదటిది ఉనికిని కాదంటోంది, రెండోది చోటును. ఇంగ్లీషు ఈ తేడాను సందర్భానికి వదిలేస్తుంది. మనం వదిలేయలేం, ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. కాబట్టి ఇంగ్లీషు వాక్యం చదివినప్పుడు నేను మొదట వేసుకునే ప్రశ్న: ఇది లేదా, కాదా?

అపోహ: పక్కనున్న మాట నాట్‌కి ముందున్నా వెనకున్నా అర్థం ఒకటే.

ఇది అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది, అందుకే కాస్త ఆగుదాం. "ఐ యామ్ రియల్లీ నాట్ ఇన్ ఎ హర్రీ" అంటే నాకు నిజంగానే తొందర లేదు, మీరు నిదానంగా కానివ్వండి అని. "ఐ యామ్ నాట్ రియల్లీ ఇన్ ఎ హర్రీ" అంటే అంత తొందరేం లేదులెండి అని, అంటే కొంచెం ఉంది. మొదటి దాంట్లో రియల్లీ పైన కూర్చుని నాట్‌కి బలం ఇస్తోంది. రెండో దాంట్లో నాట్ పైకెక్కి రియల్లీ గాలి తీసేస్తోంది. ప్రిపొజిషన్ ముందు వరసగా నిలబడ్డ మాటల్లో ఎడమ వైపున్నది తన కుడి వైపున్నదాని మీద పెత్తనం చేస్తుంది. చాలా చోట్ల ఈ ఒక్క సూత్రం చాలు.

స్టిల్‌తో చూస్తే తేడా ఇంకా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పొద్దున పదిన్నరకి మేనేజరు "హీ ఈజ్ స్టిల్ నాట్ ఇన్ ది ఆఫీస్" అంటే మనిషి ఇంకా రాలేదని విసుక్కుంటున్నాడు. రాత్రి తొమ్మిదింటికి భార్య ఫోన్ చేసి "యూ ఆర్ నాట్ స్టిల్ ఇన్ ది ఆఫీస్, ఆర్ యూ?" అంటే "ఇంకా ఆఫీసులోనే ఉన్నారా ఏంటి కొంపదీసి?" అని. అవే మాటలు, రెండు చోటు మార్చుకున్నాయంతే. మన 'ఇంకా' రెండు చోట్లా వస్తుంది గానీ 'రాలేదు', 'ఆఫీసులోనే' అన్నవి పని పంచుకున్నాయి.

కొన్ని మాటలు నాట్ కింద ఉండనే ఉండవు. "ప్రాబబ్లీ నాట్ ఇన్ టౌన్" అంటారు, బహుశా ఊళ్లో ఉండకపోవచ్చు అని. "నాట్ ప్రాబబ్లీ ఇన్ టౌన్" అని మామూలుగా అనరు. అదే నెసెసరిలీ అయితే ఎక్కువగా నాట్ కిందే ఉంటుంది. "నాట్ నెసెసరిలీ ఇన్ టౌన్" అంటే ఊళ్లోనే ఉన్నాడనేం లేదు. పలకడం మీద కూడా ఒక కన్నేయండి. "ఈజంట్" అని కుదించి పలికితే నాట్ క్రియకు అతుక్కుపోయినట్టే, మధ్యలో రియల్లీ దూరడానికి సందు ఉండదు. "ఈజంట్ రియల్లీ" అన్న చోట రియల్లీ కిందిదే.

తెలుగులో ఇదంతా అద్దంలో బొమ్మలా తిరగబడుతుంది. "నాట్ రైట్ అండర్ ది టేబుల్" అంటే "సరిగ్గా బల్ల కింద కాదు". ఇంగ్లీషులో అన్నిటికంటే ముందొచ్చిన నాట్, మన దగ్గర అందరి తర్వాత 'కాదు' అయి వచ్చింది. టేబుల్‌కి ముందున్న అండర్, బల్లకి వెనక 'కింద' అయింది. రైట్ ఒక్కటే దారి మార్చుకోకుండా 'సరిగ్గా' అని ముందే కూర్చుంది. ఆశువుగా తర్జుమా చేసేవాళ్లకి ఆయాసం వచ్చేది ఇందుకే. మొదట విన్న నాట్‌ని చివరిదాకా నోట్లోనే పట్టుకుని ఉండాలి.

అపోహ: 'ఆల్వేస్' అంటే 'ఎప్పుడూ', కాబట్టి 'నాట్ ఆల్వేస్' అంటే 'ఎప్పుడూ' ప్లస్ 'లేదు'.

ఈ గొయ్యిలో నేనే పడ్డాను. ఒక ఆసుపత్రికి నోటీసులు చేస్తున్న రోజులు. ఇంగ్లీషులో ఇలా ఉంది: "ది డ్యూటీ డాక్టర్ ఈజ్ నాట్ ఆల్వేస్ ఆన్ దిస్ ఫ్లోర్. ప్లీజ్ ప్రెస్ ది బెల్." నేను చకచకా రాసిచ్చాను: "డ్యూటీ డాక్టరు ఎప్పుడూ ఈ అంతస్తులో ఉండరు. దయచేసి బెల్లు నొక్కండి." ఫ్లెక్సీ వేశారు, గోడకెక్కింది. వారం తర్వాత వేరే పని మీద వెళితే, ఒక పెద్దాయన ఆ బోర్డు వైపు చెయ్యి చూపించి నర్సుతో అంటున్నాడు: "ఎప్పుడూ ఉండని డాక్టరుకి బెల్లు కొట్టి ఏం లాభం తల్లీ?"

ఆయన చదివింది తప్పు కాదు. తెలుగులో 'ఎప్పుడూ' పక్కన వ్యతిరేక క్రియ వస్తే మనకు మొదట తట్టేది 'ఏనాడూ' అన్న అర్థమే. "వాడు ఎప్పుడూ అబద్ధం చెప్పడు" అన్న వాక్యం పట్టుకుని, అప్పుడప్పుడూ చెబుతాడని ఎవరూ అనుకోరు. ఇంగ్లీషు నాట్, ఆల్వేస్‌కి ఎడమ పక్కన నిలబడి దాన్ని తగ్గిస్తుంది. మన వాక్యంలో 'ఎప్పుడూ' ముందొచ్చి, కాదనడం చివరికి పోయి, మొత్తాన్ని ఊడ్చేస్తుంది.

బయటపడే దారులు ఉన్నాయి. 'అని కాదు', 'అనేం లేదు' లాంటివి తెచ్చి, కాదనడాన్ని క్రియ మీద నుంచి ఎత్తి 'ఎప్పుడూ' మీదే పెట్టొచ్చు: "ఎప్పుడూ ఇక్కడే ఉంటారనేం లేదు". మాట్లాడేటప్పుడు బాగుంటుంది, బోర్డు మీద సాగుతుంది. అందుకని ఆ బోర్డుకి నా ఖర్చుతో వేయించిన రెండో ఫ్లెక్సీలో నాట్‌ని పూర్తిగా తీసేశాను: "డ్యూటీ డాక్టరు ఒక్కోసారి వేరే అంతస్తులో ఉంటారు. బెల్లు నొక్కితే వస్తారు." నాట్ ఆల్, నాట్ ఎవ్రీ దగ్గర కూడా ఇదే గొయ్యి.

అపోహ: 'నో' ఉన్న ముక్క వాక్యం మొదట్లో వస్తే వాక్యమంతా వ్యతిరేకమే.

"ఇన్ నో టైమ్ హీ ఫినిష్డ్ ది వర్క్" అంటే చిటికెలో పని ముగించాడు. "ఎట్ నో టైమ్ డిడ్ హీ సైన్" అంటే ఏ దశలోనూ సంతకం పెట్టలేదు. నో, టైమ్ రెండింట్లోనూ ఉన్నాయి. గుట్టు 'డిడ్' దగ్గరుంది. వ్యతిరేకం వాక్యమంతటికీ పాకితే సహాయక క్రియ ఎగిరి కర్త ముందుకొస్తుంది, ముక్క లోపలే ఆగిపోతే రాదు.

దీనికి భాషాశాస్త్రం తరగతుల్లో ఒక ముచ్చటైన జత చెబుతారు. "విత్ నో జాబ్, హీ వుడ్ బి హ్యాపీ" అంటే ఉద్యోగం లేకపోతే హాయిగా ఉంటాడు. "విత్ నో జాబ్ వుడ్ హీ బి హ్యాపీ" అంటే ఏ ఉద్యోగం ఇచ్చినా వాడికి తృప్తి ఉండదు. ఒక కామా పోయి, రెండు మాటలు చోటు మారితే బద్ధకస్తుడు కాస్తా అసంతృప్తిపరుడయ్యాడు. కోర్టు కాగితాల్లో "ఎట్ నో పాయింట్", "అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్" ఎదురైతే నా కళ్లు వెంటనే కర్తని వెతుకుతాయి.

అపోహ: రెండు 'కాదు'లు ఒకే వాక్యంలో ఉంటే అది చెడ్డ ఇంగ్లీషు.

పద్నాలుగో శతాబ్దపు కవి ఛాసర్ కాలం ఇంగ్లీషులో వ్యతిరేకాలు ఎన్ని పేరిస్తే అంత బలం. ఇవాళ్టి ప్రామాణిక ఇంగ్లీషులో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అలా కొట్టేసుకోవాలనే కొన్ని చోట్ల రెండూ పెడతారు. 2013లో వచ్చిన షెడ్యూల్ హెచ్1 (డాక్టరు చీటీ మీదే అమ్మాల్సిన కొన్ని మందుల ప్రభుత్వ జాబితా) మందుల డబ్బా మీద ఎర్ర అంచు గడిలో ఉంటుంది, చదవండి: "నాట్ టు బి సోల్డ్ బై రిటైల్ వితౌట్ ది ప్రిస్క్రిప్షన్ ఆఫ్ ఎ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్." నాట్ ఒకటి, వితౌట్ ఒకటి. తెలుగులో "డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు". మనకూ రెండే, మనకూ సహజమే.

షెడ్యూల్ హెచ్ మందుల పాత హెచ్చరికలో ఇదే మాటను ఓన్లీతో చెప్పారు: "టు బి సోల్డ్ బై రిటైల్ ఆన్ ది ప్రిస్క్రిప్షన్ ఆఫ్ ఎ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టిషనర్ ఓన్లీ." ఓన్లీ తాను పట్టుకోవాల్సిన 'ఆన్'కి అంత దూరంగా, వాక్యం కొసన వేలాడుతోంది. ఓన్లీ దాని మాట పక్కనే ఉండి తీరాలని పట్టుబట్టేవాళ్లకు ఈ లేబులే జవాబు. తెలుగులో మాత్రం ఆ స్వేచ్ఛ లేదు. "చీటీ మీద మాత్రమే" అనాలి, 'మాత్రమే'ని ఇంకెక్కడ పెట్టినా అర్థం జారిపోతుంది.

అపోహ: ఇంగ్లీషులో నాట్ ఉంటే తెలుగులో కూడా కనబడి తీరాలి.

"నాట్ ఫైవ్ మినిట్స్ ఫ్రమ్ ది బస్ స్టాండ్" అంటే ఐదు నిమిషాల లోపే. అంతకంటే ముఖ్యం అంటిల్. ఒక బ్యాంకు ఉత్తరంలో "ది కౌంటర్ విల్ నాట్ ఓపెన్ అంటిల్ మండే" అని ఉంది. "సోమవారం వరకు తెరవరు" అని రాస్తే సోమవారం ఉదయం పాసుపుస్తకం పట్టుకుని బయల్దేరాలో వద్దో చదివినవాడికి తేలదు. సోమవారం కూడా లెక్కలోకి వస్తుందా రాదా అన్నది 'వరకు' చెప్పదు. నేను "కౌంటరు సోమవారమే తెరుస్తారు" అని రాసి పంపాను. సరిచూసే ఆయన ఎర్ర సిరాతో "నాట్ పోయింది" అని తిప్పి పంపారు. 'సోమవారమే'లో చివరి 'ఏ' కింద గీత గీసి, "ఇక్కడుందండీ" అని రాసి మళ్లీ పంపాను.