వసతి గృహంలో ‘దయ్యం’: పిల్లల మాట ఎవరు విన్నారు?

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లోని ఒక బాలికల వసతి గృహం పేరు మళ్ళీ నలుగురి నోళ్ళలో నానుతోంది. తెల్లవారుజామున గుండెల మీద ఎవరో కూర్చుని అదిమారని, కళ్ళు తెరిచే ఉన్నా కేక వేయలేకపోయామని కొందరు పిల్లలు చెప్పారు. రెండు రోజులు తిరగకముందే తల్లిదండ్రులు ట్రంకు పెట్టెలతో సహా వాళ్ళను తీసుకెళ్ళడం మొదలుపెట్టారు. గాలి సోకిందని కుటుంబాలు అంటున్నాయి. పరీక్షల ముందు ఆడే నాటకమని, ఒకరిని చూసి ఒకరు పుట్టించిన వదంతి అని నిర్వాహకులు అంటున్నారు.

గుండెల మీదికెక్కే దయ్యం గురించి నానమ్మలు చెప్పే కథలు, తలగడ కింద పెట్టుకునే ఇనుప ముక్క, తాయెత్తులు పాఠకులకు తెలిసినవే. మెలకువ వచ్చినా ఒళ్ళు కాసేపు కదలని ఈ స్థితిని డాక్టర్లు నిద్ర పక్షవాతం అంటారన్న సంగతీ చాలామంది వినే ఉంటారు. వాటి జోలికి పోకుండా, ఈ గొడవకు అసలు జవాబు చెప్పే మలుపు దగ్గరికి నేరుగా వెళ్దాం. అది ఆసుపత్రిలోనో ప్రయోగశాలలోనో వచ్చిన మలుపు కాదు.

1970ల తొలినాళ్ళలో డేవిడ్ హఫర్డ్ అనే అమెరికన్ జానపద పరిశోధకుడు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్‌లో పనిచేశాడు. రాత్రిపూట ఒక ముసలి మంత్రగత్తె వచ్చి గుండెల మీద ఎక్కుతుందని అక్కడి వాళ్ళ నమ్మకం. ముందు కథ ఉంటుందని, దాన్ని విన్నవాళ్ళే అలాంటిది జరిగిందని ఊహించుకుంటారని అప్పటి పండితుల అభిప్రాయం. హఫర్డ్ అక్కడి విద్యార్థులకు ప్రశ్నావళి ఇచ్చి అడిగితే దాదాపు నాలుగో వంతు మంది తమకూ జరిగిందన్నారు. తర్వాత ఆ కథ ఎన్నడూ వినని అమెరికన్లను అడిగాడు. వాళ్ళూ అవే సంగతులు చెప్పారు. మెలకువ వచ్చింది, గది ఉన్నది ఉన్నట్టు కనిపించింది, అడుగుల చప్పుడు వినబడింది, ఎవరో దగ్గరికొచ్చారు, ఛాతీ మీద బరువు పడింది, వేలు కూడా కదలలేదు. ఆయనకే కాలేజీ రోజుల్లో, 1963లో, ఈ అనుభవం కలిగింది. అప్పటికి ఆ మంత్రగత్తె కథ ఆయనకు తెలియదు. 1982లో వచ్చిన ఆయన పుస్తకం తేల్చింది ఇదే: అనుభవమే ముందు వస్తుంది, నమ్మకం దాని వెనుక వస్తుంది. చెబుతున్నవాళ్ళు అబద్ధాలకోరులు కారు, పిచ్చివాళ్ళూ కారు.

నాటకం అన్న వాదన ఇక్కడే వీగిపోతుంది. ఈ పిల్లల్లో ఎవరూ న్యూఫౌండ్‌లాండ్ పేరు విని ఉండరు. అయినా వాళ్ళు చెప్పే వివరాలు హఫర్డ్ రాసుకున్నవాటితో సరిపోతున్నాయి.

ఇంతకీ ఆ బరువు ఎక్కడిది? దానికి జవాబు అంతకుముందే వైద్యుల దగ్గర ఉంది. నిద్రలో కనుగుడ్లు వేగంగా కదిలే దశను 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ బయటపెట్టారు. స్పష్టమైన కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. ఆ దశలో ఒంటి కండరాలు పట్టు వదిలేస్తాయని ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ జూవే 1959 నాటికి పిల్లుల మీద పరిశోధించి చూపించాడు. కలలో పరుగెత్తేవాడు మంచం దిగి పరుగెత్తకుండా శరీరం చేసుకున్న ఏర్పాటు అది. కళ్ళను తిప్పే కండరాలు, ఊపిరి ఆడించే డయాఫ్రం మాత్రం పనిచేస్తూనే ఉంటాయి. ఒక్కోసారి మనిషి మేలుకుంటాడు, ఒళ్ళు మాత్రం ఇంకా ఆ దశలోనే ఉంటుంది. కలలోని రూపాలు, భయం గదిలోకి వచ్చేస్తాయి. అప్పటి ఊపిరి పైపైన, దానంతట అదే నడుస్తుంటుంది. భయంతో గట్టిగా పీల్చబోతే ఛాతీ కండరాలు మాట వినవు. గుండెల మీద బరువు అనిపించేది అదే. ఊపిరి ఆగదు. కొన్ని సెకన్లలో, మహా అయితే కొద్ది నిమిషాల్లో, ఒళ్ళు స్వాధీనంలోకి వస్తుంది.

1992లో జపాన్ పరిశోధకులు, ఇంతకుముందు ఈ అనుభవం కలిగినవాళ్ళను నడిరాత్రి లేపి, కాసేపు మేలుకొని ఉండమని చెప్పి, మళ్ళీ పడుకోనిచ్చారు. కన్నంటుకున్న వెంటనే కొందరు నేరుగా కలల దశలోకి జారిపోయారు. ప్రయోగశాలలోనే నిద్ర పక్షవాతం వచ్చింది. ఇక పరీక్షల కాలంలో మన వసతి గృహాల దినచర్య చూడండి. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. నాలుగున్నరకు గంట. చన్నీళ్ళతో ముఖం కడుక్కుని వరండాలో పుస్తకం ముందు కూర్చుంటారు, తల వాలిపోతుంది, వార్డెన్ అటు వెళ్ళగానే మళ్ళీ చాప మీద వెల్లకిలా ఒరుగుతారు. పిల్లలు తెల్లవారుజాము అనే ఎందుకు చెబుతున్నారో ఎవరైనా అడిగారా? నిద్ర చాలకపోవడం, వేళలు తప్పడం, ఆందోళన, వెల్లకిలా పడుకోవడం దీన్ని పెంచుతాయని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. 2011లో వచ్చిన ఒక సమీక్ష 36,533 మంది వివరాలను కలిపి చూసింది. జీవితంలో ఒక్కసారైనా ఇది ఎదురైనవాళ్ళు సాధారణ జనంలో 7.6 శాతం ఉంటే, విద్యార్థుల్లో 28.3 శాతం ఉన్నారు.

పడమటి మండలాలకు ఇంకో బరువూ ఉంది. కోసిగి, ఆలూరు వైపు కుటుంబాలు పనుల్లేని నెలల్లో పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు వైపు, తెలంగాణకు వలసపోతాయి. అమ్మానాన్నలు దూరంగా ఉన్న ఆ నెలల్లోనే పిల్లలకు పరీక్షల వేడి మొదలవుతుంది. ఒక పిల్ల తనకు జరిగింది చెబుతుంది. పక్క పిల్ల ఆ భయంతో నిద్ర కాచుకుంటుంది. నిద్ర తగ్గేసరికి ఆమెకూ అదే జరుగుతుంది. వదంతి అని కొట్టిపారేస్తే ఈ గొలుసు తెగదు. చదువు మధ్యలో ఇంటికి వెళ్ళిన ఆడపిల్ల తిరిగి బడికి వస్తుందన్న భరోసా కూడా ఈ ప్రాంతంలో తక్కువ.

కుటుంబాల తీరును నేను తప్పుపట్టలేను. కసాపురం ఆంజనేయస్వామి గుడికో, కడప పెద్ద దర్గాకో తీసుకెళ్తే పిల్లకు ధైర్యం వస్తుంది, కంటినిండా నిద్ర పడుతుంది. కానీ గాలి వదిలిస్తామంటూ పిల్లను కొట్టేవాళ్ళను, మిరపకాయల పొగ పెట్టేవాళ్ళను మాత్రం గడప తొక్కనివ్వకూడదు.

వసతి గృహం చేయగలిగింది చాలా ఉంది. నాలుగున్నరకు కొట్టే గంటను ఆపి, పిల్లలను ఎనిమిది గంటలు పడుకోనివ్వాలి. పక్కకు తిరిగి పడుకోమని చెప్పాలి. ఒళ్ళు కదలనప్పుడు కేక కోసం పెనుగులాడకుండా ఒక్క వేలినో, కాలి బొటనవేలినో కదిలించడానికి ప్రయత్నించమనాలి. పక్కన పడుకున్న పిల్ల తట్టి పిలిస్తే చాలాసార్లు అక్కడితో తెగిపోతుంది. పగలు ఆపుకోలేని నిద్ర వచ్చినా, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్ళు సడలిపోయినా అది వేరే జబ్బు కావచ్చు, డాక్టరుకు చూపించాలి. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. భయం వదలని పిల్లలు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.