ముక్కలు కలిపినా తయారీయే: కాలిఫోర్నియా మ్యాగజైన్ల వివాదానికి మూలం 2013 చట్టంలో

పది తూటాలకు మించి పట్టే తుపాకీ మ్యాగజైన్లపై (తూటాలు నింపి తుపాకీకి తగిలించే పెట్టెలపై) కాలిఫోర్నియా విధించిన నిషేధం చెల్లుతుందని 2025 మార్చి 20న తొమ్మిదో సర్క్యూట్ ఫెడరల్ అప్పీళ్ల కోర్టు 7-4 మెజారిటీతో తీర్పు చెప్పింది. ఆ తీర్పుపై తుపాకీ యజమానులు అమెరికా సుప్రీంకోర్టు తలుపు తట్టారు. అలా ఈ 'డంకన్ వర్సెస్ బోంటా' కేసు మళ్లీ పతాక శీర్షికలకెక్కింది. ఆయుధాలు కలిగి ఉండే హక్కునిచ్చే రాజ్యాంగ రెండో సవరణ ఎలా పుట్టింది, తుపాకుల మీద అమెరికాలో తరాలుగా నడుస్తున్న తగవు ఏమిటి అన్నవి అందరికీ తెలిసినవే. ఇప్పటి పేచీని అర్థం చేసుకోవాలంటే చూడవలసింది అంతగా ఎవరూ ప్రస్తావించని ఒక చట్టాన్ని. అప్పటి రాష్ట్ర శాసనసభ్యురాలు నాన్సీ స్కిన్నర్ ప్రతిపాదించగా 2013లో ఆమోదం పొంది, 2014 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఏబీ 48 అది.

మ్యాగజైన్‌ను విప్పి చూస్తే అందులో ఉండేవి ప్రధానంగా నాలుగే భాగాలు. తూటాలు వరుసగా కూర్చునే పొడవాటి పెట్టె, దాని లోపల ఒక స్ప్రింగు, స్ప్రింగు మీద కూర్చుని తూటాలను పైకి నెట్టే చిన్న పలక, అడుగున మూత. మసి తుడుచుకోవడానికి వీలుగా చాలా మ్యాగజైన్లలో ఆ అడుగు మూత ఊడివస్తుంది. వివాదమంతా ఈ వీలు చుట్టూనే తిరిగింది.

గవర్నర్ గ్రే డేవిస్ 1999లో సంతకం చేసిన ఎస్‌బీ 23, పదికి మించి పట్టే మ్యాగజైన్ల తయారీని, దిగుమతిని, అమ్మకాన్ని, ఇతరులకు ఇవ్వడాన్ని 2000 జనవరి 1 నుంచి నిషేధించింది. అప్పటికే ఇంట్లో ఉన్నవాటి జోలికి మాత్రం పోలేదు. వాటిని నమోదు చేయించమనలేదు, ముద్ర వేయించమనలేదు. పెద్ద మ్యాగజైన్లను దేశమంతటా కట్టడి చేసిన 1994 నాటి ఫెడరల్ చట్టం అమల్లో ఉన్నంతకాలం ఈ లోటు పెద్దగా కనబడలేదు. ఆ చట్టం వచ్చాక తయారైన పెద్ద మ్యాగజైన్ల మీద వరుస సంఖ్య ఉండి తీరాలి కాబట్టి, ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకునే దారి ఒకటి ఉండేది. 2004 సెప్టెంబరు 13న ఫెడరల్ చట్టం గడువు ముగియడంతో ఆ దారి కూడా మూసుకుపోయింది. నెవాడాలోనో అరిజోనాలోనో నిన్న కొన్న మ్యాగజైన్, 1998లో లాస్ ఏంజెలెస్‌లో కొన్న మ్యాగజైన్ పక్కపక్కన పెడితే ఏది ఏదో పోలీసు చెప్పలేడు. నిజాయితీగా దాచుకున్న యజమాని కూడా తనది పాతదేనని రుజువు చేసుకోలేడు.

ఆ సందులోంచే పుట్టుకొచ్చాయి 'మరమ్మతు కిట్లు'. పాత మ్యాగజైన్ అరిగిపోతే భాగాలు మార్చుకోవడం తప్పు కాదు. వ్యాపారులు పెట్టె, స్ప్రింగు, పలక, మూత, నాలుగింటినీ విడివిడిగా ఒకే సంచిలో వేసి అమ్మసాగారు. కలిపితే అది ముప్పై తూటాల మ్యాగజైన్, కలపనంతవరకు విడిభాగాలు. ఆ సంచి కొన్నవాడి ఇంట్లో మరమ్మతు చేయవలసిన పాత మ్యాగజైన్ ఉందో లేదో అడిగే నాథుడు లేడు. చట్టం కంటికెదురుగా నీరుగారిపోయింది.

ఏబీ 48 కొట్టిన దెబ్బ సరిగ్గా అక్కడే పడింది. మామూలు మ్యాగజైన్‌ను పెద్దదిగా మార్చగల భాగాల సముదాయాన్ని 'కన్వర్షన్ కిట్'గా నిర్వచించి, దాన్ని అమ్మడమే కాదు, కొనడం, పుచ్చుకోవడం కూడా నేరమని ప్రకటించింది. ఆరు నెలల వరకు జైలు, వెయ్యి డాలర్ల వరకు జరిమానా ఖాయం చేసింది. అంతకన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఫ్యాక్టరీలో పోత పోసినా, ఇంట్లో బల్ల మీద నాలుగు ముక్కలు బిగించినా తయారీయేనని తేటతెల్లంగా రాసింది. పది తూటాల మ్యాగజైన్‌కు అడుగు మూత మార్చి, మరో అయిదు పట్టేలా పొడిగించినవాడిని కూడా ఈ చట్టం తయారీదారుగానే చూస్తుంది. మ్యాగజైన్‌ను సవరించడం కాలిఫోర్నియాలో చట్టబద్ధమా అన్న ప్రశ్నకు ఈనాటికీ మొదటి జవాబు అదే.

ఇందులో తప్పు పట్టవలసినది నాకు కనిపించదు. మ్యాగజైన్ మార్చుకోవడానికి పట్టే ఆ కొన్ని క్షణాల విలువ 2011 జనవరి 8న అరిజోనాలోని టూసన్‌లో తెలిసింది. అమెరికా కాంగ్రెస్ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్ సభలో కాల్పులు జరిపినవాడి పిస్టలుకు 33 తూటాల మ్యాగజైన్ ఉంది. అది ఖాళీ అయ్యేలోగా ఆరుగురి ప్రాణాలు పోయాయి, వారిలో తొమ్మిదేళ్ల పాప ఉంది. అతడు కొత్త మ్యాగజైన్ ఎక్కించబోయిన క్షణంలోనే జనం మీదపడి పట్టుకున్నారు. ప్యాట్రీషియా మైష్ అనే మహిళ ఆ మ్యాగజైన్‌ను అతనికి అందకుండా లాక్కున్నారు. ఆ విరామం పదో తూటా తరువాతే వచ్చి ఉంటే ఎంతమంది బతికేవారన్నదే నిషేధం కోరేవారి వాదనకు ప్రాణం.

2015 డిసెంబరు 2న కాలిఫోర్నియాలోని శాన్ బెర్నార్డినోలో 14 మంది హతులయ్యారు. హంతకుల రైఫిళ్లను రాష్ట్ర చట్టానికి విరుద్ధంగా సవరించారని దర్యాప్తులో తేలింది. మరుసటి ఏడాది శాసనసభ ఒక చట్టం, ఓటర్లు సుమారు 63 శాతం మద్దతుతో ప్రతిపాదన 63 తెచ్చారు. పాత మ్యాగజైన్లకు 1999లో ఇచ్చిన మినహాయింపు రద్దయింది. 2017 జూలై 1 లోగా వాటిని రాష్ట్రం దాటించాలి, లైసెన్సున్న వ్యాపారికి అమ్మాలి, లేదా పోలీసులకు అప్పగించాలి. చాలామంది విశ్లేషకులు ఇదే మలుపని రాస్తున్నారు. కానీ పాత సరుకును కొత్త సరుకునుంచి వేరుచేయలేమని 2013 నాటికే తేలిపోయాక, అన్నింటినీ కలిపి నిషేధించడం మినహా రాష్ట్రానికి మిగిలిన దారి ఏముంది?

గడువుకు రెండు రోజుల ముందు శాన్ డియాగో ఫెడరల్ న్యాయమూర్తి రోజర్ బెనిటెజ్ అమలును ఆపారు. 2019 మార్చి 29న నిషేధాన్ని పూర్తిగా కొట్టేశారు. ఇంట్లోకి చొరబడిన దుండగుల ముందు తూటాలు అయిపోయిన మహిళల ఉదంతాలతో ఆ తీర్పు మొదలవుతుంది. ఆత్మరక్షణ కోరేవారి వాదన అది. ఏప్రిల్ 5 సాయంత్రం అయిదు గంటలకు తీర్పు అమలు నిలిచిపోయేలోగా దుకాణాల ముందు బారులు తీరాయి, పెద్ద మ్యాగజైన్లు లక్షల సంఖ్యలో రాష్ట్రంలోకి వచ్చాయి. ఆ వారంలో కొన్నవారికి న్యాయమూర్తి రక్షణ ఇచ్చారు. వాటి మీద కూడా తేదీ లేదు. 1999 నాటి లోటే ఇరవై ఏళ్ల తరువాత, ఈసారి కోర్టు ఉత్తర్వు రూపంలో, అచ్చంగా పునరావృతమైంది.

ఇతర రాష్ట్రాలు ఈ ముడిని తలోరకంగా విప్పాయి. కొలరాడో పరిమితి పదిహేను తూటాలు, 2013 జూలై 1 నుంచి అమల్లో ఉంది. ఎక్కువ తూటాలు పట్టేలా 'సులువుగా మార్చడానికి రూపొందించిన' మ్యాగజైన్ కూడా నిషిద్ధమని చట్టంలో ఉండడంతో, అడుగు మూత ఊడివచ్చే ప్రతిదీ నేరమవుతుందని యజమానులు వాదించారు. మూత ఊడినంత మాత్రాన నేరం కాదని 2020 జూన్‌లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు స్పష్టం చేస్తూ చట్టాన్ని నిలబెట్టింది. తన గడ్డపై కొత్తగా తయారయ్యే పెద్ద మ్యాగజైన్లకు చెరగని ముద్ర ఉండాలన్న షరతు కొలరాడో మొదటినుంచీ పెట్టింది. కాలిఫోర్నియా 1999లో చేయవలసిన పని అది. వాషింగ్టన్ రాష్ట్రం 2022లో మరో అడుగు ముందుకేసి, ఒకే వ్యక్తి చేతిలో ఉండి, కలిపితే పెద్ద మ్యాగజైన్ కాగల భాగాలను నిర్వచనంలోనే చేర్చింది. దాన్ని 2025 మే 8న అక్కడి సుప్రీంకోర్టు 7-2తో సమర్థించింది.

ముక్కల తగాదా 2025 మార్చి తీర్పులో రాజ్యాంగ ప్రశ్నగా మారింది. పెద్ద మ్యాగజైన్ ఆయుధం కాదు, ఆయుధానికి తగిలించే ఉపకరణం మాత్రమేనని మెజారిటీ తరఫున న్యాయమూర్తి సుసాన్ గ్రేబర్ రాశారు. ఆయుధమే అనుకున్నా, ఒకప్పుడు ఇళ్లలో తుపాకీ మందు నిల్వను నియంత్రించినట్టే ఇప్పుడు దీన్నీ నియంత్రించవచ్చన్నారు. అసమ్మతి తెలిపిన న్యాయమూర్తి లారెన్స్ వాన్‌డైక్, తన చాంబర్‌లో పిస్టళ్లు చేతబట్టి వీడియో తీయించి విడుదల చేశారు. ఏ భాగాన్నైనా ఇంకా మెరుగైన దానితో మార్చుకోవచ్చు, ఆ లెక్కన తుపాకీ అంతా ఉపకరణాలేనని ఆయన వాదన. న్యాయమూర్తి తనకు తానే నిపుణుడైన సాక్షి అయ్యారని సహ న్యాయమూర్తి మార్షా బెర్జన్ ఆక్షేపించారు.

ఎదురు దిశలో సవరణ, అంటే పెద్దదాన్ని పదికి కుదించడం, కాలిఫోర్నియాలో ఇంకా మసకగానే ఉంది. పదికి మించి పట్టకుండా 'శాశ్వతంగా మార్చిన' మ్యాగజైన్ నిషేధం కిందికి రాదని నిర్వచనం చెబుతుంది. శాశ్వతమంటే రివెట్ కొట్టడమా, జిగురుతో మూత అతికించడమా అన్నది చట్టంలో లేదు. ప్రతిపాదన 63 ఇచ్చిన మూడు దారుల్లోనూ కుదింపు ప్రస్తావన లేదు. 2018లో పరిమితిని పదిహేను నుంచి పదికి తగ్గించిన న్యూజెర్సీ, శాశ్వతంగా కుదించుకుని అట్టిపెట్టుకోవచ్చని నేరుగా రాసింది. చట్టానికి లోబడాలనుకునే మనిషికి ఆ ఒక్క వాక్యం ఎంతో ఊరట. దాన్ని చేర్చడానికి సాక్రమెంటోలోని రాష్ట్ర శాసనసభకు సుప్రీంకోర్టు అనుమతి అక్కర్లేదు.

మన తెలుగువారిలో గ్రీన్‌కార్డు వచ్చాక టెక్సస్‌లో పిస్టలు కొనుక్కున్నవారున్నారు. అక్కడ మ్యాగజైన్‌కు పరిమితి లేదు. పదిహేడు తూటాల మ్యాగజైన్‌ను ఇంటి సామానుతో పాటు డాలస్ నుంచి ఫ్రీమాంట్‌కు తెచ్చుకుంటే, కాలిఫోర్నియా చట్టం దాన్ని దిగుమతిగా పరిగణిస్తుంది. వట్టిగా దగ్గర ఉంచుకోవడానికి ఒక్కో మ్యాగజైన్‌కు వంద డాలర్ల జరిమానాతో పోవచ్చు, ఏడాది వరకు జైలూ పడవచ్చు. దిగుమతికి శిక్ష అంతకన్నా కఠినం, అది ఫెలనీగా (తీవ్ర నేరంగా) కూడా నమోదు కావచ్చు.