స్క్రూడ్రైవర్ బిట్టు ఎందుకు విరుగుతుంది?

ఫాల్స్ సీలింగ్ పనో, మాడ్యులర్ కిచెన్ పనో జరుగుతున్న ఇంట్లో సాయంత్రం గచ్చు ఊడిస్తే చెక్కపొట్టుతో పాటు విరిగిన స్క్రూడ్రైవర్ బిట్ల ముక్కలు కూడా చీపురుకు తగులుతాయి. పనివాళ్లు వాటిని తిట్టుకుని పక్కకు నెట్టేస్తారు. మర్నాడు రాణీగంజ్‌కో, వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణానికో మనిషిని పంపి ఇంకాస్త గట్టి బిట్లు తెమ్మంటారు. చాలాసార్లు ఆ గట్టి బిట్లు పాతవాటికంటే ముందే విరుగుతాయి. ఇందులో దుకాణదారు మోసం ఉండాల్సిన అవసరం లేదు. వాళ్లు స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్ యంత్రానికి పెట్టే బిట్టుకు కావలసిన గుణం గట్టిదనం ఒక్కటే కాదు.

ముందు ఆ యంత్రం లోపల ఏం జరుగుతుందో చూడాలి. మామూలు డ్రిల్లు మెషిన్‌లో మోటారు గేర్ల ద్వారా, బిట్టును పట్టుకునే చక్‌ను నేరుగా తిప్పుతుంది. స్క్రూ బిగుసుకుంటే ఆ ఎదురు బలం మన మణికట్టు మీద పడుతుంది. ఇంపాక్ట్ డ్రైవర్‌లో మోటారుకు, బిట్టుకు నడుమ ఒక సుత్తి, ఒక దాగలి ఉంటాయి. స్క్రూ తేలిగ్గా దిగుతున్నంతసేపు ఆ రెండూ కలిసే తిరుగుతాయి. చెక్క ఎదురు తిరిగిన క్షణంలో దాగలి ఆగుతుంది, సుత్తి స్ప్రింగును వెనక్కు నొక్కుతూ దాగలి చెవుల (పక్కలకు పొడుచుకొచ్చిన భాగాల) మీదుగా దాటుతుంది, స్ప్రింగు తోసిన వేగంతో తర్వాతి చెవిని పక్క నుంచి కొడుతుంది. టకటకమని వినిపించే చప్పుడు అదే. దెబ్బ బలం మన చేతికి దాదాపు తెలియదు, బిట్టుకు మాత్రం పూర్తిగా తెలుస్తుంది. ఈ తరగతి యంత్రాలు సాధారణంగా నిమిషానికి 3,000కు పైగా దెబ్బలు కొడతాయి. అంటే సెకనుకు 50. ఒక్కో స్క్రూ మీద మూడు సెకన్లు దెబ్బలు పడ్డాయనుకున్నా, రోజుకు 500 స్క్రూలు బిగించే మనిషి చేతిలోని బిట్టు 75,000 దెబ్బలు తింటుంది.

ఇప్పుడు ఉక్కు సంగతి. ఎర్రగా కాల్చిన ఉక్కును నూనెలో ముంచి ఒక్కసారిగా చల్లారిస్తే అందులోని కార్బన్ పరమాణువులు బయటికి జరిగే వ్యవధి లేక ఇనుప స్ఫటికాల మధ్యే ఇరుక్కుపోతాయి. ఆ స్థితిని మార్టెన్‌సైట్ అంటారు. జర్మన్ శాస్త్రజ్ఞుడు అడాల్ఫ్ మార్టెన్స్ పేరు మీద వచ్చిన పేరు అది. మార్టెన్‌సైట్ చాలా గట్టిది, అంతే పెళుసుది. అందుకే దాన్ని మళ్లీ తక్కువ వేడి మీద కాసేపు ఉంచుతారు. కొంత గట్టిదనం తగ్గుతుంది, దెబ్బ తట్టుకునే గుణం పెరుగుతుంది. ఎంత వదులుకోవాలి, ఎంత నిలుపుకోవాలి అన్న నిర్ణయంలోనే బిట్టు తయారీదారు నైపుణ్యం బయటపడుతుంది. గట్టిదనాన్ని కొలవడానికి రాక్‌వెల్ సి కొలత వాడతారు. వజ్రపు శంకువును 150 కిలోల బలంతో లోహంలోకి నొక్కి, ఎంత లోతు దిగిందో చూస్తారు. చేతి పనికి ఉద్దేశించిన మంచి బిట్లు సాధారణంగా 60 చుట్టుపక్కల ఉంటాయి. ఇంపాక్ట్ పనికి ఉద్దేశించిన వాటిని చాలామంది తయారీదారులు కావాలనే కొన్ని అంకెలు తక్కువలో ఉంచుతారు. గట్టివి అడిగి తెచ్చుకున్నవి ముందు విరగడానికి ఇదొక కారణం.

బిట్ల మీద తరచూ కనిపించే ఎస్2 అనే గుర్తు ఉక్కు రకాన్ని తెలుపుతుంది. అమెరికా ఉక్కు వర్గీకరణలో ఎస్ వరుస అంతా దెబ్బలను ఓర్చుకోవడానికి రూపొందించిన పనిముట్ల ఉక్కు. ఉలులు, రివెట్లు కొట్టే సాధనాలు దీనితో చేస్తారు. ఎస్2లో కార్బన్ సుమారు అర శాతం, సిలికాన్ ఒక శాతం దాకా, కొంచెం మాలిబ్డినం ఉంటాయి. ఇంపాక్ట్ పనికి చవక క్రోమ్ వనేడియం బిట్ల కంటే ఇది మేలే. అయితే గుర్తు చెప్పేది ఉక్కు రకం గురించి మాత్రమే. కొలిమిలో గాలి సరిగా అదుపులో లేకపోతే ఉక్కు పైపొరలోని కార్బన్ కాలిపోయి, లోపల గట్టిగా, పైన మెత్తగా మిగులుతుంది. అలాంటి బిట్టు కొస మొదటి రోజే అరుగుతుంది. అదీ ఎస్2యే, అబద్ధమేమీ లేదు. అసలు విలువ వేడిచికిత్సలో, అంటే ఆ కాల్చి చల్లార్చి మళ్లీ వేడిచేసే పనిలో ఉంది, అది పెట్టె మీద అచ్చు కాదు.

విరిగిన ముక్కను పారేసే ముందు ఒక్క నిమిషం చూడటం నేర్చుకుంటే పెట్టె చెప్పని సంగతులు అది చెబుతుంది. ఒక సుద్దముక్కను రెండు చేతులతో పట్టుకొని మెలితిప్పండి. అది అడ్డంగా విరగదు. దాదాపు 45 డిగ్రీల కోణంలో మర చుట్టినట్టు వాలుగా విరుగుతుంది. పెళుసు పదార్థాలన్నీ మెలితిప్పినప్పుడు ఇలాగే విరుగుతాయి, ఎందుకంటే లాగే ఒత్తిడి ఎక్కువగా ఉండేది ఆ వాలులోనే. సాగే గుణం ఉన్న లోహం ముందు మెలికపడి, తర్వాత కడ్డీకి అడ్డంగా, చదునుగా తెగుతుంది. కాబట్టి బిట్టు వాలుగా, పదునైన అంచులతో విరిగి ఉంటే అది ఈ పనికి మరీ పెళుసు. మెడ జడలా మెలితిరిగి ఉంటే మరీ మెత్తన. కొస రెక్కలు గుండ్రంగా అరిగి, మిగతా భాగం చెక్కుచెదరకుండా ఉంటే మెడకు ఏ దోషమూ లేదు. పైపొర మెత్తనై ఉండాలి, లేదా బిట్టు స్క్రూ గాడిలో సరిగా కూర్చోవడం లేదు.

నాలుగో రకం కూడా ఉంది. అది ఎక్కువ ఆలోచింపజేస్తుంది. విరిగిన ముఖాన్ని ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి పెద్దది చేసి చూస్తే, ఒక అంచు దగ్గర నునుపైన చిన్న ప్రాంతం, అందులో సన్నని వంపు గీతలు, మిగతాదంతా గరుకుగా పలుకులు పలుకులుగా కనిపించవచ్చు. నునుపు భాగంలో పగులు మెల్లగా, దెబ్బ దెబ్బకూ కాస్త కాస్తగా పాకింది. గరుకు భాగం చివరి దెబ్బకు ఒక్కసారిగా పోయింది. దీన్ని లోహపు అలసట అంటారు. 1842లో ఫ్రాన్సులో వెర్సాయ్ దగ్గర ఒక రైలింజను ఇరుసు విరిగి ఘోర ప్రమాదం జరిగాక ఇంజనీర్లు ఈ విషయాన్ని తీవ్రంగా పట్టించుకున్నారు. తర్వాతి దశాబ్దాల్లో జర్మనీ రైల్వే ఇంజనీరు ఆగస్ట్ వోలర్ ఇరుసులను పదేపదే వంచుతూ పరీక్షించి, ఒక్కసారిగా విరవడానికి చాలని బలం కూడా లక్షల సార్లు పడితే లోహాన్ని విరుస్తుందని చూపించాడు. రోజుకు 75,000 దెబ్బలు తినే బిట్టుకు ఈ సూత్రం నేరుగా వర్తిస్తుంది. నిన్న బాగా పనిచేసిన బిట్టు ఇవాళ మొదటి స్క్రూకే విరిగిందంటే దాని మీద ఆ ఒక్క స్క్రూ పెట్టిన భారం కాదు కారణం. పగులు ఎప్పుడో మొదలైంది, ఎక్కడో ఒక గీత దగ్గరో, పదునైన మూల దగ్గరో.

ఈ ఎరుకతో చూస్తే ఇంపాక్ట్ బిట్ల నడుము ఎందుకు సన్నగా ఉంటుందో అర్థమవుతుంది. మొదటిసారి చూసినవాళ్లకు అది ఉక్కు ఆదా చేయడానికి చేసిన పనిలా కనిపిస్తుంది. నిజానికి కడ్డీ వ్యాసం సగమైతే మెలితిప్పే ఒత్తిడి ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి, సన్నబరచడం అంటే కావాలని ప్రమాదం తెచ్చుకోవడమే. అయినా అలా చేస్తారు, ఎందుకంటే దెబ్బ చాలా కొద్ది సమయంలో పడుతుంది. నడుము కాస్త మెలితిరగగలిగితే దెబ్బ శక్తిలో కొంత అందులో నిలిచి, కొస మీద పడే శిఖర బలం తగ్గుతుంది. 4 మిల్లీమీటర్ల మందం, 20 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఉక్కు నడుము మీద 10 న్యూటన్ మీటర్ల టార్క్ (మెలితిప్పే బలం) పడితే లెక్క ప్రకారం అది దాదాపు 6 డిగ్రీలు మెలితిరుగుతుంది. బాగా వేడిచికిత్స చేసిన ఉక్కయితే టార్క్ పోగానే మళ్లీ మొదటి స్థితికి వస్తుంది. నడుము నున్నగా, గుండ్రంగా ఉంటుంది, పగులు మొదలవడానికి మూలలు ఉండవు. కొస రెక్కల మధ్యనేమో మూలలే ఎక్కువ. అందుకే భారాన్ని కొస నుంచి నడుముకు మళ్లిస్తారు. 25 మిల్లీమీటర్ల పొట్టి బిట్లలో ఇంత నడుముకు చోటే లేదు. రోజంతా ఇంపాక్ట్ డ్రైవర్‌తో పనిచేసేవాళ్లు 50 మిల్లీమీటర్ల పొడవు ఉండి, చక్‌లోని గోళీ కూర్చోవడానికి గాడి ఉన్న బిట్లను తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. మధ్యలో హోల్డర్ అక్కరలేదు కాబట్టి ఊగిసలాట కూడా తగ్గుతుంది. పొట్టివే కావాలంటే నడుములో అలా మెలితిరిగే ఏర్పాటున్న హోల్డర్లు దొరుకుతాయి.

బంగారు రంగు పూత గురించి చాలామంది అడుగుతారు. అది నిజంగా టైటానియం నైట్రైడ్ అయితే ఉక్కుకంటే చాలా గట్టిది, కానీ దాని మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే. అరుగుదలను తగ్గిస్తుంది, విరగకుండా ఆపలేదు. రంగు మాత్రమే బంగారమైన బిట్లూ బజారులో ఉన్నాయి. కొసకు వజ్రపు రేణువులు అంటించినవి జర్మనీకి చెందిన వేరా వంటి సంస్థలు చేస్తాయి. అవి గాడిలో పట్టు పెంచి జారడాన్ని తగ్గిస్తాయి. వేడిచికిత్స ఎలా ఉందో స్థూలంగా తెలుసుకోవడానికి ఒక ఆకురాయి చాలు. పూత లేని కొత్త బిట్టు కొస అంచున ఆకురాయి జారిపోతే ఉక్కు గట్టిగా ఉంది. సులువుగా పట్టి పొడి రాలిస్తే మెత్తగా ఉంది. కొత్త రకం డబ్బా కొనేముందు ఒక్క బిట్టుతో ఈ పరీక్ష చేసి చూడటం మంచి అలవాటు.

ఇక అమరిక. బిట్ల బాధల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుందని నా అభిప్రాయం. మన దుకాణాల్లో స్టార్ బిట్టు అని అడిగితే ఇచ్చేది చాలావరకు ప్లస్ గుర్తు ఆకారంలోని ఫిలిప్స్, పీహెచ్2 సైజు. దీన్ని జాన్ థాంప్సన్ అనే ఆయన నుంచి హక్కులు తీసుకొని అమెరికా వ్యాపారి హెన్రీ ఫిలిప్స్ ప్రచారంలోకి తెచ్చాడు; పేటెంట్లు 1936లో వచ్చాయి, అదే ఏడాది కాడిలాక్ కార్ల తయారీలో వాడారు. ఫిలిప్స్ రెక్కల పక్కలు వాలుగా ఉంటాయి. తిప్పే బలంలో కొంత బిట్టును గాడి నుంచి పైకి తోస్తుంది. ప్రతి దెబ్బకూ అది లేస్తుంది, మళ్లీ పడుతుంది, రెక్క అంచును కొంచెం కొరుకుతుంది. చూడటానికి ఇలాగే ఉండే పోజీడ్రైవ్ వేరు. దాని రెక్కల పక్కలు సమాంతరంగా ఉంటాయి, స్క్రూ తల మీద ప్లస్ గుర్తు చేతుల నడుమ నాలుగు సన్నని గీతలు అదనంగా కనిపిస్తాయి. యూరప్ రకం కిచెన్ తలుపుల కీళ్లకు ఎక్కువగా వచ్చేవి ఇవే. వాటిలో పీహెచ్2 పెట్టి తిప్పితే తాకేది కొద్ది చోటే, ఒత్తిడంతా అక్కడే. బిట్టూ పోతుంది, స్క్రూ తలా పోతుంది, జారిన బిట్టు లామినేట్ మీద గీత పెడితే ఆ పలక ఖరీదు ముందు ఏ బిట్టు ఖరీదూ లెక్కలోకి రాదు. కిచెన్ పనివాళ్ల సంచిలో పీజెడ్2 అనే పోజీడ్రైవ్ బిట్లు విడిగా, గుర్తు పెట్టి ఉండాలి.

వీలున్నచోట స్క్రూనే మార్చుకోవడం ఇంకా మేలు. ఆరు రెక్కల టార్క్స్‌ను అమెరికాలోని క్యామ్‌కార్ సంస్థ 1967లో తెచ్చింది. దాని గాడి గోడలు దాదాపు నిటారుగా ఉంటాయి కాబట్టి బిట్టును పైకి తోసే బలం పుట్టదు, భారం ఆరు రెక్కల మీద పంచుకుంటుంది. కెనడాలో 1908 నాటి నుంచి ఉన్న రాబర్ట్‌సన్ చదరపు గాడిలోనూ పట్టు బాగుంటుంది. మన ఊళ్లలో చెక్కపనికి టార్క్స్ స్క్రూలు ఫిలిప్స్ అంత విరివిగా దొరకవు. పొడవాటి స్క్రూలతో బరువైన పని చేసేవాళ్లు వెతికి తెప్పించుకుంటే ఆ శ్రమ వృథా కాదు.

జిప్సం బోర్డుకు అసలు ఇంపాక్ట్ డ్రైవరే సరైన యంత్రం కాదు. 3.5 మిల్లీమీటర్ల స్క్రూ 3 న్యూటన్ మీటర్లకు అటూ ఇటూ టార్క్‌కే తెగుతుంది, 18 వోల్టుల యంత్రాల గరిష్ఠ టార్క్ దానికి యాభై రెట్లు ఉండవచ్చు. ట్రిగ్గరు కాస్త ఎక్కువ నొక్కితే స్క్రూ తల కాగితపు పొరను చించుకొని లోపలికి పోతుంది, బోర్డు పట్టు పోతుంది. లోతు హద్దు ఉన్న స్క్రూ గన్ వాడాలి. అది లేకపోతే లోతు చేరగానే బిట్టును గాడి నుంచి విడిపించే కాలరు ఉన్న బిట్టునైనా వాడాలి.

వాడే తీరులో కొన్ని విషయాలు మాత్రం చెబుతాను. యంత్రం స్క్రూకు నేరుగా నిలవాలి. అయిదు డిగ్రీలు వాలినా భారం ఒక రెక్క మీదికే పోతుంది. మొదట మెల్లగా తిప్పి, బిట్టు గాడిలో పూర్తిగా కూర్చున్నాకే వేగం పెంచాలి. రెక్కల అంచులు గుండ్రబడి మెరుస్తూ కనిపిస్తే ఆ బిట్టును ఆ రోజే పక్కన పెట్టాలి, ఎందుకంటే అరిగిన బిట్టు ప్రతి కొత్త స్క్రూ తలనూ పాడుచేస్తుంది, పాడైన తలలు తర్వాతి కొత్త బిట్టును పాడుచేస్తాయి. సీలింగ్ పని చేసేవాళ్లు కళ్లద్దాలు తప్పకుండా పెట్టుకోవాలి. పెళుసు బిట్టు విరిగినప్పుడు ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు, తల పైకెత్తి పనిచేసేవాడి కళ్లు దానికి ఎదురుగానే ఉంటాయి.