కొత్తవాడ జంపఖానా కథ

హనుమకొండ

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

బతుకమ్మ పండుగకు వచ్చినప్పుడు నట్టింట్లోని నీలి, ఎరుపు గళ్ల జంపఖానాను మడతపెడుతూ, “నానమ్మ దీన్ని షత్రంజి అంటుందేం?” అని అడిగారు. మీ బస్సుకు వేళ కావడంతో అప్పుడు చెప్పలేకపోయాను.

మన దేశంలో పుట్టిన చతురంగం పారశీక దేశానికి వెళ్లి అక్కడివారి నోట ‘షత్రంజ్’ అయింది. ఆ ఆట పలకలాగా గళ్లు గళ్లుగా ఉంటుంది కనుక ఈ నేతకు షత్రంజి అన్న పేరు వచ్చింది. అంటే మన మాటే దేశాంతరం వెళ్లి, వేషం మార్చుకుని తిరిగివచ్చి, మన ఇంట్లోనే చుట్టంలా కూర్చుందన్నమాట.

ఇక మన ప్రాంతపు నేత సంగతి. ఓరుగల్లుకు సముద్రం దూరమే గాని కాకతీయుల రాజ్యానికి ఓడరేవు ఉండేది. అది నేటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి. పూర్వపు రాజులు తుఫానుకు ఒడ్డున పడిన ఓడల సరుకంతా లాక్కునేవారనీ, తాము మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో అక్కడ అభయశాసనం వేయించాడు. అందులోని సరుకుల పట్టికలో కర్పూరం, పన్నీరు, మిరియాలతో పాటు పట్టునూలు కూడా ఉంది. ఆ శతాబ్దం చివర మార్కో పోలో ఈ రాజ్యంలో నేసే సన్నని బట్టలను సాలెగూటితో పోల్చి, వాటిని కట్టుకోవడానికి సంతోషించని రాజూ రాణీ లోకంలో ఉండరని రాశాడు.

తివాచీ సంగతి వేరు. పడుగు పోగులకు, అంటే మగ్గంపై నిలువుగా సాగదీసిన దారాలకు, ఉన్నిని ముడి తర్వాత ముడి వేసి, పైకొసలను సమంగా కత్తిరించే ఆ విద్య పారశీకుల నుంచి దక్కనుకు వచ్చి ఓరుగల్లులో స్థిరపడింది. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో మన తివాచీలను కూడా ఉంచారు. అయినా నా ఓటు జంపఖానాకే: ఉతకవచ్చు, మడవవచ్చు, ఎండాకాలం ఒంటికి వేడి చేయదు. దానిలో ముడులు ఉండవు. అడ్డంగా నేసే పేక దారం పడుగును పూర్తిగా కప్పేస్తుంది కనుక రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. రెండు రంగులు కలిసేచోట ఒక పేకను మరొక పేకలో మెలివేయాలి, లేకపోతే అక్కడ నిలువునా సందు పడుతుంది. మన జంపఖానాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే గడి అంచుల్లో ఆ మెలికలు మీకే కనిపిస్తాయి.

వరంగల్ దర్రీలకు, అంటే మన ఈ జంపఖానాలకే, 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా లభించింది. సంక్రాంతి సెలవులకు రండి, వరంగల్‌లో ఈ జంపఖానాలు నేసే కొత్తవాడకు తీసుకుపోతాను. అక్కడ మగ్గాన్ని కాదు, పేకను మెలివేసే వేళ్లను చూడండి; రెప్ప వేస్తే ఆ మెలిక దాటిపోతుంది.

మీ తాతయ్య