వేడి చేస్తే విషం పోతుందా? దుకాణంలో కొన్న ఆహారం గురించి అపోహలు - వాస్తవాలు

"బాగా మరిగించే తిన్నామండీ, అయినా వాంతులు ఎందుకయ్యాయి?" హైదరాబాద్‌లో ఒక ఆహార పరీక్షల ప్రయోగశాలలో, సూక్ష్మజీవుల విభాగంలో పనిచేస్తున్న నాకు అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. కర్రీ పాయింట్ నుంచి కూర తెచ్చుకున్నవారూ, పాల దుకాణంలో విడి పనీర్ కొన్నవారూ ఇదే అడుగుతారు. మరిగిస్తే చాలన్న వారి నమ్మకంలో సగం నిజం ఉంది, అందుకే అది అంత గట్టిగా నాటుకుపోయింది. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ వంటి బ్యాక్టీరియాలు ప్రాణంతో కడుపులోకి చేరితేనే జబ్బు చేస్తాయి కాబట్టి, ఆహారం లోపలి భాగం దాకా 75 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే వాటి బెడద తీరుతుంది. స్టఫైలోకాకస్ ఆరియస్ సంగతి అలా కాదు. అది ఆహారంలో పెరుగుతున్నప్పుడే తన విషాన్ని అందులోకి వదిలేస్తుంది. తర్వాత ఆ ఆహారాన్ని మరిగిస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ విషం మిగిలే ఉంటుంది. 100 డిగ్రీల దగ్గర అరగంట ఉంచినా అది పూర్తిగా నశించదు.

ఈ బ్యాక్టీరియా ఉండేది ఎక్కడో మురికి కాలువలో కాదు. ఆరోగ్యంగా ఉన్న మనుషుల ముక్కులోనూ చర్మం మీదా ఉంటుంది, గోరుచుట్టు లేచిన వేలి దగ్గర, చీము పట్టిన గాయంలో మరీ ఎక్కువగా ఉంటుంది. అందువల్ల వండిన తర్వాత చేతులు తగిలే పదార్థాలన్నీ దానికి అనుకూలమే. కోవా సంగతే చూడండి. పాలను గంటల తరబడి మరిగించినప్పుడు అందులోని సూక్ష్మజీవులు దాదాపు అన్నీ చస్తాయి, అంటే స్టఫైలోకాకస్‌తో పోటీ పడేవేవీ మిగలవు. ఆ తర్వాత దాన్ని చేత్తో పిసికి, బిళ్ళలుగా ఒత్తి, పళ్ళెంలో పరిచి, వేసవి మధ్యాహ్నమంతా గది వేడిలోనే ఉంచి అమ్మితే, చేతి నుంచి చేరిన బ్యాక్టీరియా అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతుంది. చక్కెర ఎక్కువ కాబట్టి మిఠాయి చెడిపోదని చాలామంది ధీమాగా ఉంటారు, కానీ ఇతర బ్యాక్టీరియాను ఆపే చక్కెరనూ ఉప్పునూ చాలా మేరకు తట్టుకోగలగడమే స్టఫైలోకాకస్ ప్రత్యేకత. అంత విషం చేరిన మిఠాయిలోనూ రుచి మారదు, వాసన రాదు, తీగ సాగదు.

మరిగించడం ఎందుకు చాలదో 2000 సంవత్సరంలో జపాన్‌లో జరిగిన ఘటన అందరికీ తెలియజెప్పింది. హొక్కైడోలోని స్నో బ్రాండ్ సంస్థ కర్మాగారంలో సుమారు మూడు గంటలు కరెంటు పోయి, పాలు వెచ్చగా నిలిచిపోయాయి. ఆ పాలతో చేసిన పాలపొడిని ఒసాకాలో తక్కువ కొవ్వు పాల తయారీకి వాడగా, 13 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. పాశ్చరీకరణ, అంటే సూక్ష్మజీవులు చచ్చేలా పాలను వేడి చేయడం, జరగక కాదు, జరిగింది. బ్యాక్టీరియా చచ్చిపోయింది, విషం మాత్రం పొడిలోనూ, ఆ తర్వాత పాలలోనూ నిలిచింది. ఆధునిక కర్మాగారంలోని యంత్రాలు చేయలేని పనిని మన గ్యాస్ పొయ్యి చేస్తుందని ఆశించకూడదు.

ఒక గృహిణి మా దగ్గరకు రెండు స్టీలు డబ్బాలు పట్టుకుని వచ్చారు. ఆడపడుచు కుటుంబం భోజనానికి వస్తే పనీర్ కూర వండారు, తిన్న మూడు గంటల్లోపే పిల్లలతో సహా అందరికీ వాంతులు పట్టుకున్నాయి. "నా చేతి వంట తినే ఇలా అయింది మేడమ్, ఎక్కడ పొరపాటు చేశానో చెప్పండి" అంటూ ఆవిడ ఏడ్చేశారు. ఒక డబ్బాలో మిగిలిన కూర, రెండోదానిలో వండకుండా ఫ్రిజ్‌లో పెట్టిన పనీర్ ముక్క ఉన్నాయి. దుకాణంలో దాన్ని మూత లేని బకెట్లో, నీళ్ళలో ఉంచి, చేత్తో తీసి తూచి ఇచ్చారని ఆవిడే చెప్పారు. బ్యాక్టీరియాను పెంచి చూసే ప్లేట్ల మీద రెండు నమూనాలూ వేశాం. రెండు రోజుల తర్వాత చూస్తే కూర నమూనా వేసిన ప్లేటు ఖాళీగా ఉంది, పనీర్ నమూనా వేసిన ప్లేటు మీద మాత్రం నల్లగా నిగనిగలాడే కాలనీలు, అంటే బ్యాక్టీరియా గుంపులు, ఒక్కొక్కదాని చుట్టూ తేటగా కనిపించే వలయంతో నిండుగా మొలిచాయి. అది స్టఫైలోకాకస్ ఆరియస్ గుర్తు. విషాన్ని గుర్తించే పరీక్షలో రెండు నమూనాలూ పాజిటివ్ వచ్చాయి. ఆవిడ కూరను సరిగానే ఉడికించారు, అందుకే అందులో బ్యాక్టీరియా లేదు. విషం పొయ్యి ఎక్కక ముందే చేరిపోయింది. "అమ్మా, మీ వంటలో ఏ తప్పూ లేదు" అని ఆ రెండు ప్లేట్లూ చూపించి చెప్పే వరకు ఆవిడ మనసు కుదుటపడలేదు. కూర ఒక్కటే తెచ్చి, మామూలు బ్యాక్టీరియా పరీక్షతో సరిపెట్టుకుని ఉంటే, నివేదికలో ఏమీ లేదని దుకాణదారు చేతులు దులుపుకునేవాడు.

అన్నం విషయంలో ఇదే పని బాసిల్లస్ సెరియస్ అనే బ్యాక్టీరియా చేస్తుంది. దాని స్పోర్లు, అంటే విత్తనాల్లాంటి గట్టి రూపాలు, అన్నం ఉడికినా చావవు. మధ్యాహ్నం వండిన అన్నాన్ని పెద్ద గిన్నెలో గది వేడిలోనే వదిలేసి, సాయంత్రం ఫ్రైడ్ రైస్‌కు వాడితే, ఆలోపు అవి మొలకెత్తి, వాంతులు పుట్టించే విషాన్ని తయారు చేయగలవు, ఆ విషం ప్రెజర్ కుక్కర్ వేడికి కూడా లొంగదు. మరి మన పెద్దలు చద్దన్నం తినలేదా అని అడుగుతారు. చద్దన్నంలో పులియబెట్టే బ్యాక్టీరియా పుల్లదనం తెచ్చి ఇతర బ్యాక్టీరియాను అణచివేస్తుంది, పులిహోరలో చింతపండు కూడా అలాగే కాపాడుతుంది. ఫ్రైడ్ రైస్ కోసం దాచిన అన్నానికి ఆ రక్షణ లేదు.

కాబట్టి కొనేటప్పుడు చూడవలసింది ఆ పదార్థం ఎంతసేపు, ఎంత వేడిలో ఉందన్నదే. వేడి ఆహారం 60 డిగ్రీలకు పైన, చల్లని ఆహారం 5 డిగ్రీలకు లోపల ఉండాలి. కర్రీ పాయింట్‌లో కూర గోరువెచ్చగా ఉంటే తీసుకోకండి. విడిగా అమ్మే మిఠాయిల పళ్ళెం దగ్గర, ఎప్పటిలోగా తినాలో తెలిపే తేదీ ఉందేమో చూడండి, దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020 అక్టోబర్ 1 నుంచి దాన్ని అప్పట్లో తప్పనిసరి చేసింది. అది కనిపించకపోతే మొహమాటపడకుండా అడగండి.

మిగతా అపోహలకు ఇంత వివరణ అక్కర్లేదు. ఫ్రిజ్ బ్యాక్టీరియాను చంపదు, పెరుగుదలను నెమ్మదింపజేస్తుంది, లిస్టీరియా అయితే ఫ్రిజ్‌లో కూడా పెరుగుతుంది. పచ్చి చికెన్‌ను కుళాయి కింద కడిగితే శుభ్రం కాదు, నీటి తుంపరలతో బ్యాక్టీరియా సింకు నిండా, పక్కనున్న కూరగాయల మీదా పడుతుంది. చివరగా తిన్నదే జబ్బుకు కారణమని చెప్పలేం, స్టఫైలోకాకస్ కొన్ని గంటల్లోనే బయటపడితే సాల్మొనెల్లాకు మూడు రోజుల వరకు పట్టవచ్చు. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించినప్పుడు అదంతా అనవసర భయమన్నవారున్నారు. పొయ్యి ఎక్కని పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా ఉంటే దాన్ని ఆపేదేమీ లేదు, కాబట్టి ఆ భయం అనవసరం కాదు. ఇక ప్లాస్టిక్ బియ్యం, ప్లాస్టిక్ గుడ్ల వీడియోలు దయచేసి నాకు పంపవద్దు. వాటికి భయపడే ఇళ్ళలోనే చికెన్ బిర్యానీ రాత్రంతా డైనింగ్ టేబుల్ మీద ఉండటం నేను చూస్తున్నాను.

వాంతులు మొదలైతే ముందు ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించండి. యాంటీబయాటిక్ మాత్రలు ఈ విషాల మీద పనిచేయవు, సొంతంగా వాడకండి. విరేచనంలో రక్తం, తీవ్ర జ్వరం, మగత కనిపించినా, పసిపిల్లలు మూత్రం పోయకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. మిగిలిన ఆహారాన్ని పారేయకుండా శుభ్రమైన డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు. మళ్ళీ వేడి చేయకండి. కొన్న సమయం, తిన్న సమయం, వాంతులు మొదలైన సమయం ఒక కాగితం మీద రాసి, బిల్లుతో పాటు తీసుకురండి. పరీక్షకు ఇచ్చేటప్పుడు బ్యాక్టీరియాతో పాటు విషాన్ని కూడా పరీక్షించమని ప్రత్యేకంగా అడగండి.