రోహిణి ఎండలో గులాబీని పువ్వులు అడగకండి

మే మూడో వారం వచ్చేసరికి గులాబీలు పెంచే ఇళ్ళలో ఒకటే మాట వినిపిస్తుంది. డిసెంబర్‌లో అరచేయంత పూసిన మొక్క ఇప్పుడు అందులో సగం కూడా పూయడం లేదని. రంగు వెలిసిపోతుంది, రేకుల అంచులు మాడిపోతాయి, పొద్దున విచ్చిన పువ్వు సాయంత్రానికి వాడిపోతుంది. కొత్త చిగురు కనబడదు. దాంతో టెన్షన్ పడి మనవాళ్ళు మూడు పనులు చేస్తారు. బలం కోసమని గుప్పెడు ఎరువు వేస్తారు, చిగుళ్ళు వస్తాయని కొమ్మలు కత్తిరిస్తారు, రోజుకు మూడు పూటలా నీళ్ళు పోస్తారు. నన్నడిగితే, మిద్దెల మీద ఎండ చంపే గులాబీల కన్నా ఈ మూడు పనులు చంపే గులాబీలే ఎక్కువ.

ఎండాకాలం చివర్లో గులాబీ పూయకపోవడం జబ్బు కాదు. అది ఆ మొక్క తీసుకునే విశ్రాంతి. చలి దేశాల్లో గులాబీ మంచు కురిసే నెలల్లో ఆకు రాల్చి పడుకుంటుంది. మన మైదానాల్లో చలికాలమే దానికి బాగా కలిసొచ్చే కాలం కాబట్టి ఆ విశ్రాంతి ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా పడుతుంది. ఈ రోజుల్లో మనం కాపాడాల్సినవి రెండే: వేళ్ళు, ఆకులు. పువ్వుల సంగతి వానలు పడ్డాక చూసుకోవచ్చు.

అసలు ఆకులో ఏం జరుగుతుందో చూద్దాం. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకుని చక్కెర తయారీకి అందించే ఎంజైమ్ పేరు రుబిస్కో. దీనికి ఒక లోపం ఉంది. అప్పుడప్పుడు కార్బన్ డయాక్సైడ్‌కి బదులు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. ఆ పొరపాటును సరిదిద్దుకోవడానికి మొక్క అంతకుముందు కూడబెట్టినదాంట్లో కొంత పోగొట్టుకోవాలి. దీన్నే కాంతి శ్వాసక్రియ అంటారు. వేడి పెరిగేకొద్దీ ఈ పొరపాట్లు పెరుగుతాయి. జొన్న, మొక్కజొన్న లాంటి పంటలకు దీన్ని తప్పించుకునే ఏర్పాటు ఆకులోనే ఉంది, అందుకే అవి ఎండకు అంతగా బెదరవు. గులాబీకి ఆ ఏర్పాటు లేదు. దాని ఆకు 20 నుంచి 25 డిగ్రీల దగ్గర బాగా పని చేస్తుంది. 35 దాటాక సంపాదన పడిపోతుంది.

పగలు ఇలా ఉంటే రాత్రి ఇంకో దెబ్బ. ఎండ లేనప్పుడు కూడా మొక్క ఊపిరి తీసుకుంటూనే ఉంటుంది, అంటే దాచుకున్న చక్కెరను ఖర్చు పెడుతూనే ఉంటుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఈ ఖర్చు అంత ఎక్కువ. హైదరాబాద్‌లో, విజయవాడలో మే నెల రాత్రులు 26, 28 డిగ్రీల కిందికి దిగని రోజులు చాలానే ఉంటాయి. సిమెంటు శ్లాబు పగలంతా మింగిన వేడిని తెల్లవారుజాము దాకా కక్కుతూ ఉంటే, దాని మీదున్న కుండీకి రాత్రి చల్లదనం అన్నదే అందదు. రాబడి తగ్గి, ఖర్చు పెరిగిన మొక్క ముందుగా ఆపేది పువ్వులనే.

పువ్వు చిన్నదవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మొగ్గ మన కంటికి కనబడక ముందే, కొమ్మ చివర ఎక్కడో సూది మొనంత ఉన్నప్పుడే రేకులెన్నో తేలిపోతుంది. చల్లగా ఉంటే కేసరాలు కావలసిన భాగాల్లో చాలావరకు రేకులుగా మారతాయి, వేడిగా ఉంటే కేసరాలుగానే మిగిలిపోతాయి. అందుకే ఒకే మొక్క చలికాలంలో ముద్దగా పూసి, మే నెలలో నాలుగు వరసల రేకులతో సరిపెడుతుంది. ఎరుపు, గులాబీ రంగులనిచ్చే ఆంథోసయనిన్లు కూడా వేడిలో తక్కువగా తయారవుతాయి. ఆ మొగ్గ మీద మనం ఇప్పుడు ఏ మందు కొట్టినా దాని రేకులు పెరగవు.

ఇక నీళ్ళ లెక్క. ఒక ఘనపు మీటరు గాలి 28 డిగ్రీల దగ్గర దాదాపు 27 గ్రాముల నీటి ఆవిరిని పట్టుకోగలదు. ఆగస్టులో తేమ 70 శాతం ఉందనుకుందాం. అప్పటికే 19 గ్రాములు ఉంటాయి కాబట్టి ఇంకో 8 గ్రాములకే చోటు ఉంటుంది. మే మధ్యాహ్నం 42 డిగ్రీల దగ్గర అదే గాలి 56 గ్రాములు పట్టుకోగలదు. తేమ 15 శాతమే ఉంటే అందులో ఉన్నది 8 గ్రాములు. అంటే ఇంకో 48 గ్రాములకు చోటు. ఆకు నుంచి నీటిని లాగే శక్తి ఆరు రెట్లు పెరిగిందన్నమాట. ఉష్ణోగ్రత ఒకటిన్నర రెట్లే పెరిగినట్టు కనబడుతుంది గానీ ఆకుకు తగిలే దెబ్బ ఆరు రెట్లు.

గులాబీ ఆకు అడుగున సన్నటి రంధ్రాలుంటాయి. నీరు ఆవిరై పోయేది వాటిగుండానే, కార్బన్ డయాక్సైడ్ లోపలికి వచ్చేదీ వాటిగుండానే. నీళ్ళు ఆవిరవుతున్నంతసేపు ఆకు చల్లబడుతుంది. వేళ్ళు అందించే దాని కన్నా ఆకు పోగొట్టుకునేది ఎక్కువైతే మొక్క ఆ రంధ్రాలను మూసేస్తుంది. నీరు ఆదా అవుతుంది, కానీ తిండి తయారీ ఆగిపోతుంది, ఆకు వేడెక్కుతుంది. మధ్యాహ్నం రెండింటికి మొక్క తల వేలాడేయడం చూసి చాలామంది బకెట్‌తో పరిగెత్తేది అప్పుడే. అప్పుడు మట్టిలో వేలు పెట్టి చూడండి. లోపల తడి ఉంటే నీళ్ళు పోయకండి. అది నీళ్ళు లేక వాడిన మొక్క కాదు, గాలి లాగే వేగానికి వేళ్ళు అందుకోలేకపోతున్న మొక్క. సాయంత్రం ఎండ దిగాక దానంతట అదే లేచి నిలబడుతుంది. తెల్లవారి ఆరింటికి కూడా తల వేలాడుతూ ఉంటేనే నిజమైన కరువు.

తడి మట్టిలోనే మళ్ళీ మళ్ళీ నీళ్ళు పోస్తే ఏమవుతుంది? వేళ్ళకు ఆక్సిజన్ కావాలి. వేడి పెరిగేకొద్దీ వేళ్ళకు కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది, అదే సమయంలో వేడి నీళ్ళలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది. నానిన వేడి మట్టిలో వేళ్ళు ఊపిరాడక కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళు నీళ్ళు పీల్చలేవు, కాబట్టి మొక్క ఇంకా వాడుతుంది. అది చూసి మనం ఇంకా పోస్తాం.

కుండీల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. భూమిలో ఒక అడుగు లోతున మట్టి మే నెలలో కూడా పైనున్న వేడిలో పడి మరిగిపోదు. కుండీలోని వేళ్ళకు ఆ రక్షణ లేదు. నల్ల ప్లాస్టిక్ కుండీకి పడమటి ఎండ నేరుగా తగిలితే, ఆ వైపు మట్టి సులువుగా 45 డిగ్రీలు దాటుతుంది. చాలా మొక్కల వేళ్ళు 40 దగ్గరే దెబ్బతినడం మొదలవుతుంది. నీళ్ళు పీల్చే సన్నటి వేళ్ళు కుండీ గోడకు ఆనుకునే ఎక్కువగా ఉంటాయి కాబట్టి ముందు పోయేవీ అవే. మట్టి కుండీ ఇక్కడ మంచిది, తాగే నీళ్ళ కుండలాగే గోడల్లోంచి తడి ఆవిరై లోపల చల్లగా ఉంచుతుంది. కాకపోతే నీళ్ళు ఎక్కువ తాగుతుంది. ప్లాస్టిక్ కుండీలే ఉన్నాయా, వాటిని శ్లాబు మీద నేరుగా పెట్టకుండా రెండు ఇటుకల మీదికి ఎత్తండి. అన్నిటినీ దగ్గర దగ్గరగా జరపండి, ఒకదాని నీడ ఇంకోదాని గోడ మీద పడుతుంది. పడమటి వైపు అట్టముక్క అడ్డం పెట్టినా, గోనెసంచి చుట్టినా తేడా తెలుస్తుంది. మరీ చిన్న కుండీని పెద్ద కుండీలో దింపి మధ్య ఖాళీని కొబ్బరి పొట్టుతో నింపడం ఇంకా మేలు. 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ మధ్యాహ్నం పూట చాలు. పొద్దుటి ఎండ మాత్రం మొక్కకు తగలనివ్వండి, అది రోజంతటికీ తిండి తయారు చేసుకునేది ఆ రెండు మూడు గంటల్లోనే.

నీళ్ళు తెల్లవారుజామునే పోయాలి. మిద్దె మీది ట్యాంకులో నీళ్ళు పదకొండు దాటాక చెయ్యి పెట్టలేనంత కాగుతాయి, పైపులో నిలిచినవి ఇంకా వేడి. పోసేటప్పుడు చెంబుడు చెంబుడు కాకుండా 12 అంగుళాల కుండీకి రెండు మూడు లీటర్లు నిదానంగా, అడుగు చిల్లుల్లోంచి కారేదాకా పోయాలి. ఒక్కోసారి పోసిన వెంటనే బుడబుడా కిందికి కారిపోతుంది. మట్టి బాగా తడిసిందని సంతోషపడకండి. కుండీ అంచు చుట్టూ చూడండి. మట్టి ఎండి, ముద్దలా బిగుసుకుని, గోడ నుంచి వేలు పట్టేంత దూరం జరిగి ఉంటుంది. నీళ్ళన్నీ ఆ సందులోంచి జారిపోయాయి, మధ్యలో వేళ్ళున్న చోటు పొడిగానే ఉంది. అలాంటి కుండీని నీళ్ళ టబ్బులో అరగంట కూర్చోబెట్టి బుడగలు ఆగాక తీయాలి. ఆ తర్వాత పైన రెండు మూడు అంగుళాల మందాన ఎండుటాకులు, వరిగడ్డి, వేరుశనగ పొట్టు, ఏది దొరికితే అది పరిచేయండి. కాండానికి మాత్రం తగలకుండా రెండు వేళ్ళ ఎడం ఉంచాలి. నేలలో నాటిన మొక్కలకైతే రోజూ తడపడం కన్నా వారానికి రెండుసార్లు లోతుగా పెట్టడం మంచిది, వేళ్ళు కిందికి దిగుతాయి. నల్లరేగడి నేలల్లో ఇంకో జాగ్రత్త ఉంది. నెర్రెలిస్తే పగుళ్ళు సన్నటి వేళ్ళను తెంపేస్తాయి, వేడిగాలి లోపలికి దిగుతుంది. అక్కడ ఆకుల పరుపు తప్పనిసరి.

బోర్లు ఎండిపోయి ట్యాంకర్ నీళ్ళతో బతికే రోజుల్లో పొదుపు గురించి అందరూ ఆలోచిస్తారు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు నిక్షేపంగా పోయొచ్చు. ఏసీ నుంచి కారే నీళ్ళు దాదాపు ఉప్పు లేని నీళ్ళు, పట్టి ఉంచితే గులాబీకి అంతకన్నా మంచివి లేవు. ఆర్వో ఫిల్టర్ వదిలేసే నీళ్ళు మాత్రం వద్దు. అసలే గట్టి బోరు నీళ్ళలోని లవణాలన్నీ అందులో చిక్కబడి ఉంటాయి, గులాబీ ఉప్పుకు తట్టుకోలేదు. కుండీ అంచున తెల్లటి పెచ్చు కడుతోందంటే, ముదురాకుల అంచులు గోధుమ రంగులో మాడుతున్నాయంటే అది ఎండ పని కన్నా ఉప్పు పని అయ్యుండే అవకాశమే ఎక్కువ. నీళ్ళు ఆవిరైపోతాయి, ఉప్పు మట్టిలో మిగిలిపోతుంది. మట్టిలో ఉప్పు పెరిగితే తడి ఉన్నా వేళ్ళు దాన్ని లాగలేవు. రసాయన ఎరువు కూడా లవణమే కాబట్టి మే నెలలో గుప్పెడు ఎరువు వేయడమంటే ఈ కష్టాన్ని మనమే పెంచడం.

కత్తెర విషయంలో కూడా ఇంతే. మన దక్కన్‌లో గులాబీని గట్టిగా కత్తిరించేది అక్టోబర్‌లో. ఎండాకాలంలో కత్తిరిస్తే ఉన్న నిల్వంతా ఖర్చు పెట్టి మొక్క లేత చిగురు తీస్తుంది, ఆ చిగురు వారంలో మాడిపోతుంది. పైగా ఆకుల నీడ పోయి కొమ్మల బెరడు ఎండకు కాలుతుంది. వాడిన పువ్వును తొడిమ దగ్గర తుంచేస్తే చాలు. మొగ్గలు చిన్నగా ఉన్నప్పుడే గిల్లేయగలిగితే ఇంకా మంచిది, మనసొప్పదు గానీ ఆ శక్తి వేళ్ళకు మిగులుతుంది. నర్సరీ నుంచి కొత్త మొక్కలు తెచ్చి కుండీ మార్చే పని కూడా ఇప్పుడు పెట్టుకోకండి. కడియం నుంచి వచ్చిన మొక్క నర్సరీ నీడలో పెరిగింది. వేడి మెల్లమెల్లగా పెరిగితే మొక్క హీట్ షాక్ ప్రొటీన్లు తయారు చేసుకుంటుంది, ఇవి కణంలోని మిగతా ప్రొటీన్లు వేడికి చెడిపోకుండా కాస్తాయి. నీడలోంచి తెచ్చి ఒక్కసారిగా ఎండలో పెడితే ఆ సన్నాహానికి వ్యవధి ఉండదు.

ఎండాకాలంలో అసలు శత్రువు ఎర్రనల్లి, ఆకుల రసం పీల్చే అతి చిన్న జీవి. ఆకు పైభాగం దుమ్ము పట్టినట్టు కళ తప్పి, దగ్గరగా చూస్తే సన్నటి పసుపు చుక్కలతో నిండి ఉంటుంది. తెల్ల కాగితం కింద పట్టి ఆకును రెండుసార్లు తట్టండి. ఆవగింజలో పదో వంతు కూడా లేని చుక్కలు రాలతాయి, కాసేపటికి అవి నడవడం మొదలుపెడతాయి. ఆకు తిప్పి చూస్తే నరాల పక్కన సన్నటి గూడు దారాలు. 30 డిగ్రీల వేడిలో గుడ్డు నుంచి గుడ్లు పెట్టే దశకు రావడానికి దీనికి ఒక వారం చాలు. మామూలు పురుగుమందు కొడితే నల్లి చావకపోగా నల్లిని తినే చిన్న జీవులు చస్తాయి, ఆ తర్వాత నల్లి ఇంకా పేట్రేగుతుంది. దానికి పడనిది తడి. వారానికి రెండు మూడుసార్లు పొద్దున్నే ఆకుల అడుగు భాగానికి పైపుతో గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు అదుపులోకి వస్తుంది. వేప నూనె కలిపి కొట్టాలనుకుంటే సూర్యుడు దిగాకే, అదీ చల్లబడిన రోజునే. 35 డిగ్రీల పైన నూనె పూత ఆకును కాల్చేస్తుంది.

ఇంత చేసినా కొన్ని రకాలు తట్టుకుంటాయి, కొన్ని తట్టుకోవు. ఎందుకంటే మార్కెట్లో దొరికే హైబ్రిడ్ టీ (కొమ్మకో పెద్ద పువ్వు పూసే రకం) గులాబీలు చాలావరకు యూరప్, అమెరికా వాతావరణాల్లో ఎంపిక చేసినవి. మన వేడికి తగ్గ గులాబీలు మనమే తయారు చేసుకోవాలని పట్టుబట్టినవాళ్ళు మన దేశంలో ఉన్నారు. భారత వ్యవసాయ పరిశోధన మండలికి మొదటి డైరెక్టర్ జనరల్‌గా పని చేసిన బి.పి. పాల్ గోధుమ శాస్త్రవేత్తగా ప్రసిద్ధుడు, కానీ ఎన్నో గులాబీ రకాలు కూడా సృష్టించారు. ఆంధ్రప్రదేశ్‌లో ఐఏఎస్ అధికారిగా పని చేసిన ఎం.ఎస్. వీరరాఘవన్ ముందుగానే ఉద్యోగం వదిలి, కొడైకెనాల్‌లో స్థిరపడి, వేడి ప్రాంతాలకు తగిన గులాబీల కోసం కృషి చేశారు. బెంగాల్ వైపు నదీ తీరాల్లో పెరిగే అడవి గులాబీ రోసా క్లైనోఫిల్లానూ, మణిపూర్ కొండల్లో పెరిగే రోసా జైగాంటియానూ ఆయన సంకరాలకు వాడారు. ఇలాంటి రకాలు మన నర్సరీల్లో విరివిగా దొరకాల్సింది, దొరకడం లేదు. ప్రస్తుతానికి దండల కోసం పెంచే ఎడ్వర్డ్ గులాబీ, గుత్తులుగా పూసే ఫ్లోరిబండా రకాలు మిద్దె ఎండకు నమ్మదగినవని నా అభిప్రాయం.

మృగశిర వచ్చి రెండు మంచి వానలు పడ్డాక ఎర్రటి చిగుళ్ళు కనబడతాయి. అప్పుడైనా ఒక వారం ఆగి, కుండీలోని ఉప్పును వాననీటితో బాగా కడగనిచ్చి, ఎరువు సగం మోతాదుతో మొదలుపెట్టండి. గ్రీన్ నెట్ ఒక్కసారిగా తీసేయకుండా మబ్బు పట్టిన రోజు చూసి తీయండి. ఎండిన పుల్లల్ని మాత్రమే పచ్చ బెరడు దాకా కత్తిరించండి. అప్పటిదాకా కనబడని నల్ల మచ్చ తెగులు ఇక మొదలవుతుంది. దాని సిద్ధబీజాలు మొలకెత్తాలంటే ఆకు ఏకబిగిన ఏడెనిమిది గంటలు తడిగా ఉండాలి, ఎండాకాలంలో అది కుదరదు, ముసురులో కుదురుతుంది. కాబట్టి మే నెలలో నల్లి కోసం ఆకులు తడిపిన చేత్తోనే జూన్ చివరి నుంచి ఆకులకు నీళ్ళు తగలకుండా మొక్క మొదట్లోనే పోయాలి, దగ్గరగా జరిపిన కుండీలను మళ్ళీ దూరం జరిపి మధ్యలో గాలి ఆడనివ్వాలి.