సర్కారు లెక్కలు జనం చేతికి ఎలా వచ్చాయి, ఎక్కడ ఆగిపోయాయి

2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ మునిగినప్పుడు ప్రకాశం బ్యారేజీ నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో ఊళ్లో చిన్నపిల్లలు కూడా చెప్పగలిగారు. 11.43 లక్షలకు చేరిందన్న వార్త అందరి ఫోన్లలోనూ తిరిగింది. కానీ సింగ్ నగర్‌నీ చుట్టుపక్కల కాలనీలనీ ముంచింది కృష్ణ కాదు, బుడమేరు వాగు. ఆ వాగు మీద వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర పరిస్థితి ఏమిటో, ఆ నీళ్లు తమ వీధికి వస్తాయో రావో అక్కడివాళ్లలో చాలామందికి గుమ్మం తడిశాకే తెలిసింది. కొలతలు, లెక్కలు ప్రభుత్వం దగ్గరే ఉంటాయి. అవి అవసరమైన మనిషికి, అవసరమైన వేళకి అర్థమయ్యేలా ఎందుకు చేరవన్నది మాత్రం పాత ప్రశ్నే.

ప్రభుత్వం చేసే పనులు తెలుసుకునే హక్కు ప్రజలకు ఉందని సుప్రీంకోర్టు 1975లోనే రాజ్ నారాయణ్ కేసులో చెప్పింది. అది చట్టం కావడానికి మరో 30 ఏళ్లు పట్టింది. ఆ మధ్యలో రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ ఊరూరా బహిరంగ విచారణలు పెట్టి కూలీల హాజరు పట్టీలు, బిల్లులు జనం ముందు చదివించింది. 2002లో పార్లమెంటు ఆమోదించిన సమాచార స్వేచ్ఛ చట్టం అమల్లోకే రాలేదు. 2005 అక్టోబరు 12 నుంచి సమాచార హక్కు చట్టం పూర్తిగా అమలైంది.

ఆ చట్టం అనగానే మనకు గుర్తొచ్చేది దరఖాస్తు, 30 రోజుల గడువు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. అయితే దాని గుండెకాయ 4వ సెక్షన్. ఎవరూ అడగకముందే ప్రతి కార్యాలయం తన బడ్జెట్, నిర్ణయాలు, లబ్ధిదారుల వివరాలు తనంత తానుగా బయట పెట్టాలి, జనానికి దరఖాస్తు పెట్టే అవసరమే వీలైనంత తగ్గాలి అంటుంది ఆ సెక్షన్. ఈ రోజు ఓపెన్ డేటా అని మనం పిలిచేదానికి మన దేశంలో పునాది అదే. దాన్ని మనసుపెట్టి అమలు చేసి ఉంటే ఆర్టీఐ దరఖాస్తుల్లో చాలావాటి అవసరమే ఉండేది కాదు.

కంప్యూటర్ల విషయంలో మాత్రం మనం వెనకబడలేదు. 1998లో రిజిస్ట్రేషన్ శాఖకు కార్డ్ అనే కంప్యూటర్ వ్యవస్థ వచ్చింది. 1999లో విజయవాడ నగరపాలక సంస్థ వాయిస్ పేరుతో కియోస్కులు పెట్టి జనన మరణ పత్రాలు, ప్లాన్ అనుమతులు, పన్ను చెల్లింపులు వాటి ద్వారా అందించింది. దేశంలో ఇ-పాలన గురించి మాట్లాడేవాళ్లు అప్పట్లో బెజవాడ పేరు చెప్పేవారు. ఆ తర్వాత ఈసేవ, 2011లో మీసేవ, 2015లో మీభూమి వచ్చాయి. ఇవన్నీ ఎవరి కాగితం వాళ్లకి ఇచ్చే ఏర్పాట్లు. నా ఇంటి పన్ను ఎంతో తెలుస్తుంది. మా వార్డులో మొత్తం ఎంత వసూలైంది, అందులో మురుగు కాలవకి ఎంత పెట్టారు అంటే కౌంటర్లో జవాబు దొరకదు.

ఆ రెండో రకం ప్రశ్నకి ఈ నేల మీద దొరికిన గట్టి జవాబు సామాజిక తనిఖీ. ఉపాధి హామీ 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. గుంటూరు జిల్లాకు 2007లో, కృష్ణాకు 2008లో వచ్చింది. మస్టర్ల (హాజరు పట్టీల) నుంచి చెల్లింపుల దాకా వివరాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించడంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందుంది. అక్కడితో ఆగి ఉంటే అదీ ఇంకో వెబ్‌సైట్ అయ్యేది. కానీ కూలీల కుటుంబాల్లోంచే చదువుకున్న పిల్లల్ని ఎంచి, కొద్దిరోజుల శిక్షణ ఇచ్చి, ఆ ప్రింట్లు చేతికిచ్చి ఇంటింటికీ పంపారు. "అమ్మా, ఈ వారం ఆరు రోజులు పనికెళ్లినట్టు రాశారు, నిజమేనా? ఇంత డబ్బు ముట్టిందా?" అని అడిగేవాళ్లు. అటుపై ఊళ్లో గ్రామసభ, మండల కేంద్రంలో ప్రజావేదిక. అధికారులు కూర్చుని ఉండగా ఒక్కొక్క పద్దూ మైకులో చదివేవాళ్లు. ఊరొదిలి వెళ్లినవాళ్ల పేర, చనిపోయినవాళ్ల పేర పడిన కూలి అక్కడ బయటపడేది. 2009లో దీనికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. అక్షరం రాని కూలీ ప్రభుత్వ డేటాను వాడుకున్న సందర్భం ఇది. మిగతా దేశం మన దగ్గర నేర్చుకున్నది ఈ పద్ధతినే. మనం దాన్ని ఉపాధి పనులు దాటి మిగతా శాఖలకు గట్టిగా తీసుకెళ్లలేకపోయాం. అదే నాకు బాధ.

2012లో కేంద్రం డేటా పంచుకునే విధానాన్ని ప్రకటించి, జాతీయ డేటా పోర్టల్ తెరిచింది. ఎవరైనా వాడుకోవచ్చని చెప్పే లైసెన్సు 2017లో వచ్చింది. ఇందులో మన ప్రాంతానికి బాగా పనికొచ్చేది మార్కెట్ యార్డుల రోజువారీ ధరల పట్టిక. మార్కెట్, సరుకు, రకం, తేదీ, కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, ఎక్కువ సరుకు పోయిన ధర అన్నీ గళ్లుగా ఉంటాయి. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎత్తే రైతు చెవిన పడేది ఎప్పుడూ గరిష్ఠ ధరే. అది మేలిరకం నాలుగు బస్తాలకి పలికినది కావచ్చు. అతను చూడాల్సింది చివరి గడి. రకం గడి కూడా చూడాలి, ఎందుకంటే తేజ వేరు, 334 వేరు, తాలు (నాసిరకం కాయ) సంగతి అసలే వేరు. 2025లో ధర పడిపోయి కేంద్రం క్వింటాలుకు 11,781 రూపాయలని మార్కెట్ జోక్యం ధర ప్రకటించింది. అది న్యాయమా కాదా అని వాదించాలంటే గత కొన్నేళ్ల రోజువారీ ధరలు చేతిలో ఉండాలి. అవి ఉచితంగానే దొరుకుతాయి. యార్డు గేటు దగ్గర కూర్చుని తీసి చూపించే మనిషే కావాలి.

తీసి చూపించడం కూడా అనుకున్నంత తేలిక కాదు. శాఖల సైట్లలో చాలా పట్టికలు స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. తెలుగులో ఉన్నవైతే పాత అను ఫాంట్లలో టైప్ చేసినవి, కాపీ చేస్తే ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తుంది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాక ఇంకో చిక్కు వచ్చింది. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది, పాత గుంటూరు జిల్లాలోంచి పల్నాడు, బాపట్ల విడిపోయాయి. 2021 గుంటూరు లెక్కని 2023 గుంటూరు లెక్క పక్కన పెట్టి "సగానికి పడిపోయింది" అంటే తప్పు. మండలాల వారీగా కూడుకోవాలి. ఆ మండలాల పేర్లేమో ఒక్కో శాఖ ఒక్కో స్పెల్లింగ్‌తో రాస్తుంది.

వెనకడుగులూ పడ్డాయి. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం అప్పటిదాకా అందరికీ కనిపించే జీవోల సైటులో జీవోలు పెట్టడం ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెడుతున్నారు. ఒక ఆదేశంతో మూతపడి, ఇంకో ఆదేశంతో తెరుచుకునే తలుపుని హక్కు అనలేం. ఇంకోవైపు, బయట పెట్టకూడనివి బయటపడ్డాయి. 2018లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ సైటులో లక్షమందికి పైగా లబ్ధిదారుల ఆధార్ వివరాలు బట్టబయలయ్యాయి. పనుల లెక్కలు బయట ఉండాలి, మనుషుల ఆధార్, బ్యాంకు నంబర్లు లోపల ఉండాలి. ఈ గీత జాగ్రత్తగా గీయాల్సింది పోయి, 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టం ఏకంగా సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె)ని మార్చింది. వ్యక్తిగత సమాచారమైనా విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలన్న మాట ఆ క్లాజులోంచి పోయింది. 8(2) కింద ప్రజాప్రయోజనం వాదించే దారి ఇంకా ఉంది కానీ, ఇక మీదట మస్టర్‌లో పేర్లు అడిగినా "వ్యక్తిగతం" అనేసే వీలు అధికారికి చిక్కింది.

ఇప్పుడేం చేయాలంటే నా చూపు గ్రంథాలయాల మీదికి పోతుంది. ఆంధ్రదేశ గ్రంథాలయోద్యమం 1914లో బెజవాడలోనే సంఘంగా రూపుదిద్దుకుంది. పాతూరి నాగభూషణం లాంటివాళ్లు పుస్తకాన్ని పడవల మీద కూడా చదువరి దగ్గరికి చేర్చారు. ఇవాళ్టికీ ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా కడుతున్నాం. పొద్దున్నే వెళ్లి చూస్తే గ్రంథాలయాల నిండా గ్రూప్స్‌కి చదివే పిల్లలే. బడ్జెట్, పట్టికలు, శాతాలు వాళ్లకి కొట్టిన పిండి. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్ ఇచ్చి వారానికి రెండు సాయంత్రాలు వీళ్లని కూర్చోబెడితే చాలు. వార్డు బడ్జెట్ కావాలన్న కాలనీ పెద్దకీ, ధరలు కావాలన్న మిర్చి రైతుకీ, 4వ సెక్షన్ కింద ఏమేం అడగొచ్చో తెలియని పింఛనుదారుకీ చూపించే మనిషి దొరుకుతాడు. సామాజిక తనిఖీ పిల్లలకి ఇచ్చినట్టు కొద్దిరోజుల శిక్షణ వీళ్లకీ ఇవ్వాలి. దానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.